చెరిపేసిన మచ్చ

వీధి చివర ఫొటో స్టూడియో ఆయన్ని అందరూ ఇస్త్రీ బాబాయ్ అనేవారు. ఎంత ముడతల ముఖమైనా ఆయన చేతిలో పడితే ఇస్త్రీ చేసిన చొక్కాలా నున్నగా తయారయ్యేది. ఎవరూ అడక్కపోయినా చేసేవాడు, పైగా అదే తన గొప్పనుకునేవాడు.

బట్టలు కుట్టే ఆవిడ జన్మకల్లా ఒక్క ఫొటో తీయించుకుంది, అదీ కూతురి పోరు పడలేక. ఆవిడ ఎడమ చెంప మీద తెల్లటి కాలిన మచ్చ ఉండేది. పాపం అనుకుని ఆయన దాన్ని నెగటివ్ మీదే బ్లేడుతో గీకేశాడు. ఫొటో చూసి ఆవిడ చెంప తడుముకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయింది. సంతోషించిందనుకున్నాడు, మగబుద్ధి!

ఆవిడ పోయాక కూతురు, తల్లి తనకెన్నడూ చూపించని ఆ ఫొటోనే పెద్దది చేయించుకోవడానికి వచ్చింది. పెద్దది చేసి చేతికివ్వగానే వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఎవరు బాబాయ్ ఈవిడ?"

"అదేంటమ్మా, మీ అమ్మే కదా!"

"మరి మచ్చేది? మరిగే నీళ్లు నా మీద ఒలికిపోతుంటే తను అడ్డం పడింది. ఆ మచ్చ మీద చెయ్యేసుకుంటే గానీ నాకు నిద్రపట్టేది కాదు."

గీకేసిన నెగటివ్ మళ్లీ మామూలు కాదు. ఆయన బ్రష్షు తీశాడు.

"ఎలా ఉండేదో చెప్పమ్మా, వేసేస్తాను."

"వద్దులే. దాన్ని కూడా అందంగానే వేస్తావు."

ఫొటో బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్లు "ఎవరండీ ఈవిడ, ఎంత కళగా ఉంది!" అంటే, ఆయన ఏదో పనున్నట్టు లోపలి గదిలోకి పోతాడు.