సరస్సు మీద మోగిన సైరన్

మొన్న మా మనుమరాలు స్నేహితులతో కొండల మీది ఏదో సరస్సుకు వెళ్లి, అక్కడి రిసార్టు వరండాలోంచి ఫోనులో పొగమంచు చూపిస్తూ, "అమ్మమ్మా, ఇట్లాంటి చలి నువ్వెప్పుడన్న చూసినవా?" అని ఆటపట్టించింది. చూడకేం తల్లీ! రోహిణి కార్తెలో గోదావరిఖని క్వార్టరు గచ్చు మీద నీళ్లు చల్లుకుని పడుకునే మేము, ఒక ఎండాకాలం కొడైకెనాల్ సరస్సు ఒడ్డున గజగజ వణుకుతూ తిరిగాం.

అప్పట్లో బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాళ్లకు కంపెనీ ఇచ్చే ప్రయాణపు సెలవును ఎల్‌టీసీ అనేవారు. అది దొరికిందంటే ఒక్క ఇల్లు కదలడం కాదు, క్వార్టర్ల వరసంతా కలిసి బస్సు మాట్లాడుకుని, బియ్యం మూటలు, మామిడికాయ తొక్కు జాడీలు, కిరోసిన్ స్టవ్వులతో సహా బయలుదేరేవాళ్లం. స్వెట్టర్లు ఎవరికున్నాయి కనుక? మా అవ్వ, అంటే మా కన్నతల్లి, ఉన్న ఒక్క చద్దరూ నాకు చుట్టి, తాను కొంగు బిగించుకుని ఒడ్డున వంటకు కూర్చుంటే, మగవాళ్లు గుర్రాలెక్కుతూ, సైకిళ్లు తొక్కుతూ చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. మా బాపు మాత్రం పడవ అద్దెకు తీసుకుని, తెడ్డు తానే వేస్తానని పట్టుబట్టి, ఒక్కడే నడిమధ్యకు వెళ్లిపోయాడు.

కొండల మీది వాతావరణం సంగతి మనకేం తెలుసు! చూస్తుండగానే ఎదుటి గట్టు మాయమై, నీళ్ల మీదికి మంచు కమ్ముకొచ్చింది. పడవలన్నీ వెనక్కి రమ్మని సైరన్ మోగించారు. అది మామూలు హెచ్చరికేనని అక్కడివాళ్లకు తెలుసు, మావాళ్లకెట్లా తెలుస్తుంది? మా దగ్గర షిఫ్టు మారే వేళ కాక మరెప్పుడు సైరన్ మోగినా బాయిలో ఏదో జరిగిందనే అర్థం. పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదే వదిలి ఆడవాళ్లంతా బాయి దగ్గరికి ఉరికేవాళ్లు. ఇక్కడా అంతే, చేతుల్లో గరిటెలతోనే అందరూ లేచి నిలబడ్డారు. మిగతావాళ్లకు తమ మగవాళ్లు ఎదురుగానే కనిపించారు కాబట్టి తేరుకున్నారు. మా అవ్వకు కనిపించింది మంచొక్కటే. ఎన్నడూ భర్త పేరు ఎత్తని మనిషి, ఆ పేరే పెట్టి అరుస్తూ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగిపోయింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెనకే ఏడుస్తున్నాను.

కాసేపటికి మంచులోంచి బాపు పడవ వచ్చింది. తడిసి ముద్దయి, నవ్వుతూ దిగిన మనిషిని అవ్వ రెండు చేతులా గుండెల మీద గుద్ది గుద్ది ఏడ్చింది. "ఏందే పిచ్చిదానా, నేనేమన్న బాయిల దిగిననా? పడవల పోయిన గద!" అంటూనే ఆయన వంగి ఆమె తడిసిన చీర అంచు పిండాడు. అడుగంటిన అన్నాన్నే అందరం నవ్వుకుంటూ తిన్నాం. అవ్వ మాత్రం ముద్ద ముట్టకుండా బాపు పక్కనే కూర్చుంది. రోజూ ఆయన డ్యూటీకి వెళ్లాక ఆమె ఎంత భయాన్ని దిగమింగుకుని ఇల్లు నడిపేదో, పాపం, నాకు ఆ సరస్సు ఒడ్డునే తెలిసింది.

ఇప్పుడు మా వైపు ఎక్కువగా నేల పైనుంచే తవ్వుతున్నారు, లోపలికి దిగే బాయిలు తగ్గిపోయాయి, ఏం జరిగినా సైరన్ కన్నా ముందు ఫోను చెబుతుంది, కొండలకు వెళ్లేవాళ్లు గదులు బుక్ చేసుకుని ఎవరికివారే వెళ్తున్నారు. సుఖమే, కాదనను. కానీ ఒక ఇంటి మనిషి కోసం వాడంతా ఉరికిన రోజులు వెళ్లిపోయాయి కదా అని మనసు కలుక్కుమంటుంది. బాపు కాలం చేశాక ఒక మధ్యాహ్నం వేళగాని వేళ సైరన్ మోగితే, అలవాటుగా నేను వాకిట్లోకి పరుగెత్తాను. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తలైనా ఎత్తలేదు. లేవవేమని అడిగితే, "ఇగ ఎవలి కోసం ఉరుకుడు, బిడ్డా" అంది.