మేడమ్ గారి బానెట్

మా మేడమ్ గారు పోయారని వాళ్ల అక్కగారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను బందరు వెళ్లే బస్సులో ఉన్నాను. "నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నారావిడ. పెడన దాటేదాకా ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆగలేదు.

బందరులో నేను చదివిన కాలేజీలో మేడమ్ గారు దుస్తుల చరిత్ర చెప్పేవారు. రెండు వందల ఏళ్ల కిందటి, రీజెన్సీ కాలం నాటి ఇంగ్లండు ఆడవాళ్ల దుస్తులంటే ఆవిడకు ప్రాణం. అప్పటి గౌన్లు పల్చన, జేబుకు చోటుండేది కాదు. అందుకని రెటిక్యూల్ అనే చిన్న సంచి చేతికి తగిలించుకునేవారట. "జేబు పోయింది, చేతికి పని పెరిగింది" అనేవారు, తన హ్యాండ్‌బ్యాగులో తాళాల కోసం వెతుక్కుంటూ.

మా ఇంట్లో చదువుకున్నవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఆ పేర్లకు నా నోరు తిరిగేది కాదు. గౌను మీద తొడుక్కునే పొడవాటి కోటు పేరు పెలీస్. నేను దాన్ని పోలీస్ అని విని, చలికాలం ఆడవాళ్లు పోలీసు కోట్లు వేసుకునేవారని పరీక్షలో రాశాను. పేపర్లు తిరిగిచ్చిన రోజు పక్కమ్మాయి అది పైకి చదివేసరికి క్లాసంతా నవ్వింది. మేడమ్ గారు మాత్రం, మీ అమ్మ తెల్లవారుజామున రొయ్యల చెరువు మీదికి వెళ్లేటప్పుడు చలికి ఏం వేసుకుంటుందని అడిగారు. చీర మీద నాన్న పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా అని తలొంచుకుని చెప్పాను.

"అదేనమ్మా పెలీస్. ఇక మర్చిపోవు" అన్నారు.

ఆ ఆదివారం మా ఊరు కృత్తివెన్ను వెళ్లినప్పుడు ఆ చొక్కాకు ఊడిన గుండీలు కుట్టాను. అమ్మ వింతగా చూసింది.

కిందటేడు మేడమ్ గారికి క్యాన్సర్ అని తెలిసింది. మందులకు జుట్టంతా రాలిపోయింది. అప్పటికి నేను బందరులోనే ఒక టైలరింగ్ షాపులో చేరాను. చూడటానికి వెళ్లేసరికి అక్కాచెల్లెళ్లు వాదించుకుంటున్నారు. సెలవులకు ముందు బానెట్ల పాఠం, అంటే అప్పటి ఆడవాళ్ల టోపీల పాఠం, ఒకటి మిగిలింది, అది తనే చెప్పాలని ఆవిడ పట్టు. వెళ్లక తప్పదంటే చర్చికి వెళ్లినట్టు తల మీద చెంగు కప్పుకుని వెళ్లమని అక్కగారు అన్నారు.

"ముసుగేసుకుంటే పిల్లలు జాలిపడతారక్కా. జాలిపడేవాళ్లకి పాఠం ఏం చెప్తాను? బానెట్ పెట్టుకుంటే నవ్వుతారు" అన్నారు మేడమ్ గారు. నా వైపు తిరిగి, "కుట్టిపెడతావా?" అని అడిగారు.

ఆవిడ పాత నేతచీర చింపి, అంచు నిలబడేలా లోపల అట్ట పెట్టి, గడ్డం కింద కట్టుకునే రిబ్బన్లతో కుట్టాను. పాఠం రోజు తోడు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆవిడ లోపలికి రాగానే క్లాసంతా బిగుసుకుపోయింది.

"నవ్వనివాళ్లకి మార్కులు కోసేస్తాను" అన్నారు.

ముందు ఒకరు, తర్వాత అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, చాక్‌పీస్ తీసుకున్నారు. ఫ్యాన్ గాలికి బానెట్ లేచిపోతుంటే ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో బొమ్మ గీయసాగారు. స్విచ్చుల పక్కన కూర్చున్న అమ్మాయి చప్పుడు కాకుండా ఫ్యాన్ ఆపేసింది. ఏప్రిల్ నెల, బందరు ఉక్క. అందరం చున్నీలతో చెమట తుడుచుకుంటూ కూర్చున్నాం. ఒక్కరూ ఫ్యాన్ వేయమనలేదు. బోర్డు దగ్గర మేడమ్ గారు తల మీది చెయ్యి మెల్లగా దించారు.