ఊరికే కూకుంటాను

జీతాల గ్రేడులు కట్టడానికి వైజాగ్ నుంచి వచ్చిన నిపుణుడు గింజలు ఏరే ఆడవాళ్లకు అన్యాయం చేశాడనీ, నేను అడ్డుపడి సరిచేశాననీ మా కాఫీ యూనిట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు. ఆయన ఫారం శుభ్రంగానే ఉంది. నైపుణ్యం, బాధ్యత, శ్రమ, పని చేసే చోటు, ఒక్కోదానికి ఇన్ని మార్కులు. మార్కులను బట్టి గ్రేడు, గ్రేడును బట్టి జీతం. ఆ ఫారాలు నింపిందెవరు? ఆఫీసు చూసుకునే నేను.

ఫారాలు నింపిన పొద్దున షెడ్డులో ఆడవాళ్లు గోనెలు కప్పుకుని చెడ్డ గింజలు ఏరుతున్నారు. అందరిలో పెద్దావిడ దగ్గర నిలబడి, "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

"నానేటి సేత్తానమ్మగోరూ? ఊరికే కూకుంటాను."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వి, 'కూర్చుని చేసే పని, నైపుణ్యం అక్కర్లేదు' అని రాసేశాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, పైన ఆఫీసులో నా టీ చల్లారుతోంది. అంతే, అంతకు మించిన కారణం లేదు.

సంతకాల రోజుకి ఏరేవాళ్లు అట్టడుగు గ్రేడులో తేలారు. సంతకమైతే మళ్లీ మూడేళ్ల దాకా మార్చరు. మేనేజరు పెన్ను మూత తీశాడో లేదో, కింద కేకలు.

పరిగెత్తి వెళ్లాం. లారీకి ఎక్కించాల్సిన మూటల ముందు పెద్దావిడ అడ్డంగా నిలబడి ఉంది. పొట్టు తీసి మంచీ చెడూ వేరుచేసే మిషను నడిపే అతను అరుస్తున్నాడు.

"ఓలప్పా, లారీ నిలబడిపోనాది, బేగి జరుగు!"

"ఈ మూటలెల్లవు."

"బాగున్నాయని మిషను సెప్పింది!"

"నీ మిషనుకి ముక్కుందేటి, గుంటడా?"

నలభై ఏళ్ల గుంటడు తల దించుకున్నాడు. మేనేజరు ఒక మూట విప్పించి వాసన చూశాడు. ఏమీ లేదన్నాడు. నాకూ ఏమీ తెలియలేదు. ఆవిడ నాలుగు గింజలు రాతి మీద చితక్కొట్టి, అరచేతిలో నలిపి, ఆయన ముక్కు కింద పెట్టింది. పులిసిన కల్లు వాసన. ఆయన వెనక్కి తగ్గాడు. ఆ వరస మొత్తం పక్కన పెట్టించాడు.

పైకి రాగానే, "ఆ ఫారం తిరిగి రాయాలి" అన్నాను.

"మేడమ్, మనం కొలిచేది పనిని, మనిషిని కాదు," అన్నాడు నిపుణుడు. "ఒకావిడ ముక్కుకి మార్కులివ్వలేం."

"ఆ ముక్కు పుట్టుకతో రాలేదండీ. ఏళ్ల తరబడి గింజల ముందు కూర్చుంటే వచ్చింది. మిషను నడిపే అతని ఐటీఐ సర్టిఫికెట్‌కి మార్కులిచ్చారుగా, అది మాత్రం నిలబడితే వచ్చిందా?"

మేనేజరు ఫారం నా ముందుకి తోశాడు. "నైపుణ్యం అక్కర్లేదని రాసిందెవరు మేడమ్? మీ చేతిరాతే కదా?"

నాదేనని ఒప్పుకున్నాను. అది తరచుగా జరిగే పని కాదు.

అయినా చీకటి పడేదాకా వాదించాను. ఏరేవాళ్లకు ఒక్క గ్రేడు పెంచారు. మిషను నడిపే అతని గ్రేడు ఇంకా ఒక మెట్టు పైనే. కిందికెళ్లి పెద్దావిడకు చెప్పి, నా మీది కోపం ఆవిడ మీద చూపించాను. "ఊరికే కూర్చుంటానని ఎందుకన్నావసలు?"

"పన్నేటని అడిగినావు. గింజలో ఏటి సూత్తావని అడగనేదు కదా," అంది, గోనె దులుపుకుంటూ.

మిషను నడిపే అతనూ రోజంతా స్విచ్చు పక్కన ప్లాస్టిక్ కుర్చీలోనే ఉంటాడు. ఫారం నింపేటప్పుడు అదే ప్రశ్న అడిగితే "మిషను నడుపుతాను" అన్నాడు, నేను పేజీ నిండా రాశాను. అతని కుర్చీ నా కంటికెందుకు కనపడలేదు?