బడిసంచీ మోసిన జడ్జిగారు

మా ఫ్యామిలీ కోర్టు జడ్జిగారికి ఒకటే పిచ్చి. ఏ తీర్పయినా సరే, దర్జీ ట్రయల్ వేసినట్టు ముందు తన ఒంటిమీద వేసి చూసుకోందే సంతకం పెట్టరు. చాటున అందరూ ఆయన్ని "ట్రయల్ జడ్జి" అనేవారు. పదకొండేళ్ళు ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్న పాపానికి ప్రతి ట్రయల్‌కీ నేను తోడు.

"ఇలా చెయ్యమని చట్టంలో ఎక్కడుంది సార్?" అని ఒకసారి అడిగాను.

"చట్టం సగం రాసి, మిగతా సగం 'జడ్జి విచక్షణ' అని నా నెత్తిన పడేసిందయ్యా. ఆ విచక్షణ నాకు బుర్రలో లేదు, మోకాళ్ళలో ఉంది. పద!"

ఒక తండ్రి వారానికో గంట కోర్టు వరండా బెంచీ మీద కొడుకుని చూసుకోవచ్చని రాయబోయి కలం ఆపారు. నన్ను లాక్కెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చోబెట్టారు.

"నువ్వు కొడుకువి. బాగా చదువుతున్నావా?"

"ఆఁ."

ఇంకా యాభై తొమ్మిది నిమిషాలున్నాయి. ఇద్దరం గోడమీది బల్లిని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అదీ విసుగెత్తి వెళ్ళిపోయింది. తీర్పులో బెంచీ పోయి పార్కు వచ్చింది. పార్కులో ఉయ్యాల గట్టిదో కాదో చూద్దామని ఎక్కిన ఆయన్ని ఊడదీయడానికి మాత్రం ఇద్దరు తోటమాలులు కావలసి వచ్చారు.

ఆయన రిటైరయ్యే ఏడాది ఒక కేసు వచ్చింది. విడిపోయిన మొగుడూ పెళ్ళాం, ఏడేళ్ళ కూతురు. ఆర్నెల్లుగా పిల్ల వారం అమ్మ దగ్గర, వారం నాన్న దగ్గర. దాన్నే ఖాయం చెయ్యమని ఇద్దరు లాయర్లూ, ఎన్నడూ లేనిది, ఒక్కమాట మీదికొచ్చారు.

"రెండు బస్సులు మారడమే కదా సార్! చిన్నపిల్ల, అలవాటు పడుతుంది."

"నేను పడతానేమో చూస్తాను," అన్నారు జడ్జిగారు.

పిల్లని తన గదిలోకి పిలిచారు. "నీ సంచీ ఒక్కరోజు ఇస్తావా తల్లీ?"

"మళ్ళీ ఇస్తారా?"

ముద్ర వేసి మరీ రసీదు రాసిచ్చారు. సంచీ ఎత్తబోయి తూలారు. "ఇంత బరువేంటమ్మా?"

"అన్నీ పెట్టుకుంటా తాతగారూ. ఏది ఏ ఇంట్లో మర్చిపోతే ఎవరు తిడతారో తెలీదు కదా!"

ఆదివారం నాడు, కుందేళ్ళ బొమ్మలున్న గులాబీరంగు సంచీ వీపున తగిలించుకుని ఆయన, వెనకాల తలదించుకుని నేను. తల్లి ఇంటి దగ్గర ఎక్కిన బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో కుర్రాడు, "తాతగారూ, ఏ క్లాసు?" అన్నాడు.

"రెండో తరగతి నాయనా. ఈ ఏడు తప్పేలా ఉన్నాను."

బస్సంతా నవ్వింది. రెండో బస్సు దిగి, తండ్రి ఉండే వీధి చివర అరుగుమీద కూలబడి ఆయన జేబులు తడుముకున్నారు. "కళ్ళజోడు మొదటి బస్సులో మర్చిపోయానయ్యా," అన్నారు, నేను తిడతానేమోనన్నట్టు బిక్కమొహంతో. పదకొండేళ్ళలో మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

సోమవారం తీర్పు చదివారు. పిల్ల, బడి పక్కన ఖాళీగా ఉన్న వాళ్ళ పాత ఇంట్లోనే ఉంటుంది. అమ్మా నాన్నా వారానికొకరు తమ సంచీ మోసుకుని ఆ ఇంటికి రావాలి.

"పెద్దవాళ్ళకి ఇబ్బంది కదా సార్!" లాయర్లు లబోదిబోమన్నారు.

"అలవాటు పడతారు."

నెల తర్వాత, ఇంకో ఆదివారం, తీర్పు నకలు ఇవ్వడానికి ఆ ఇంటికి వెళ్ళాను. తండ్రి సంచీతో రొప్పుతూ గేటులోకి వస్తున్నాడు. తల్లి తన సంచీతో బయటికి వస్తోంది.

"సీటు దొరికిందా?" అందావిడ.

"ఎక్కడ! నిలబడే వచ్చాను."

"ఒక స్టాపు వెనక్కి నడిచి ఎక్కండి, దొరుకుతుంది."

లాయర్లు లేకుండా రెండేళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలట అవి. లోపల్నుంచి వచ్చి వాళ్ళమ్మాయే నా చెవిలో చెప్పింది.

పరుగున వెళ్ళి జడ్జిగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన మురిసిపోతారనుకున్నాను. ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"ఒక స్టాపు వెనక్కి నడిస్తే నిజంగా దొరుకుతుందంటావా? పద, చూసొద్దాం."