ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ

మా అమ్మాయి మూలా నక్షత్రంలో పుట్టింది. కబురు తెలిసి నేను నూజివీడులో బస్సు దిగేలోపే మా అత్తగారు ఆసుపత్రి నుంచి పంతులుగారికి ఫోన్ చేసి ఆ సంగతి తేల్చుకున్నారు. పదకొండో రోజున శాంతి జరిపించి, నువ్వుల నూనెలో బిడ్డ ముఖం చూసేదాకా తండ్రి నేరుగా చూడకూడదట. చూస్తే తండ్రికి గండమట.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయో నాకు తెలుసు. మా అత్తగారు ఎంత దగ్గరలో ఉన్నారో కూడా తెలుసు గనుక నోరు మూసుకుని, వాళ్ళతోపాటు ముసునూరులోని అత్తగారింటికి వచ్చాను.

"పోనీ, ఫోన్‌లో ఫోటో అయినా చూస్తానండీ," అన్నాను.

"ఫోటో చూస్తే మనిషిని చూసినట్టే కదండీ. మీకేమన్నా అయితే నా కూతురి గతేంటి?" అంటూ ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ భయం నటన కాదు. అలాంటి భయంతో వాదించడం నావల్ల కాదు. మోసం చేయడం మాత్రం వీలవుతుందనిపించింది.

ఆలోచించాను. నూనెలో చూడొచ్చు అంటున్నారు. నూనె చేసే గొప్ప పనేమిటి? నున్నగా, కదలకుండా ఉండి, తనమీద పడిన కాంతిని చెదరగొట్టకుండా తిప్పి పంపుతుంది, అంతే. స్టీలు బిందె కూడా ఆ పనే చేస్తుంది. అద్దం ఇంకా బాగా చేస్తుంది. వాటిని ఎవరూ వద్దనలేదు.

ముందు బిందెతో మొదలుపెట్టాను. బిడ్డకు స్నానం చేయించి తీసుకెళ్తుంటే, బుద్ధిగా తల పక్కకు తిప్పుకుని, గుమ్మం పక్కనున్న నీళ్ళ బిందె వైపు చూశాను. దాని ఉబ్బెత్తు పొట్ట మీద అత్తగారు పొట్లకాయలా సాగి కనిపించారు. ఆవిడ చేతుల్లో మా అమ్మాయి చిక్కుడు గింజంత కూడా లేదు.

మర్నాడు బీరువా అద్దం నా కంటపడింది. బాలింత గదిలో మంచం గుమ్మం పక్క గోడకు ఆనుకుని ఉంటుంది, బయటివాళ్ళకు కనపడదు. ఎదురుగా బీరువా, దాని తలుపుకు నిలువుటద్దం. బయట వసారాలో మామిడి రసాలు వరిగడ్డిలో మగ్గేసి ఉన్నాయి. ఆ గడ్డి పక్కన కూర్చుని నా భార్యకు మెసేజ్ పెట్టాను: "బీరువా తలుపు బెత్తెడు తెరువు."

లోపలినుంచి కిసుక్కుమని నవ్వు, తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. అద్దంలో కిటికీ కనిపించింది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దానిమీంచి వచ్చే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, బెత్తెడు ఎక్కువని నాకే తట్టలేదు. "కొంచెం వెనక్కి," అని ఇంకో మెసేజ్ పెట్టాను.

అప్పుడు కనిపించింది. గుప్పెడంత మొహం, మూసిన పిడికిళ్ళు, ఎడమ బుగ్గ మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఆ రోజు నుంచి పళ్ళు తిప్పే పని నాదేనన్నాను. పండినవి ఏరుతున్నట్టు రోజుకు ఆరుసార్లు ఆ గడ్డి దగ్గర చేరేవాణ్ణి. "మా అల్లుడుగారికి ఎంత ఓపికో చూడండి," అని అత్తగారు వీధి వీధంతా చెప్పుకున్నారు. పాపం ఆ రసాలు నా చేతుల్లో నలిగి నలిగి, తినేవాళ్ళు రాకముందే కారిపోయాయి.

పదకొండో రోజు వసారాలోనే శాంతి జరిగింది. పంతులుగారు కంచు పళ్ళెంలో నూనె పోసి నా ముందు పెట్టారు. అత్తగారు బిడ్డను ఎత్తుకుని నా వెనక నిలబడ్డారు. ఫ్యాను గాలికి నూనె వణుకుతోంది.

"కనిపిస్తోందా బాబూ?" అన్నారు పంతులుగారు.

ఎంత తొందరగా అయిపోతే అంత తొందరగా ఎత్తుకోవచ్చునన్న ఆత్రం నాది. "ఆఁ, కనిపిస్తోందండీ! ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా!"

"ఇంకా మొహమ్మీద గుడ్డ తియ్యలేదు బాబూ," అన్నారు అత్తగారు.

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు మాత్రం ఒక అడుగు వెనక్కి వేశారు. "ఎప్పుడు చూశారండీ?"

"నేరుగా చూడలేదు అత్తయ్యగారూ. బీరువా అద్దంలో చూశాను, ఒట్టు."

నేరుగా చూసి ఉంటే ఈ శాంతి పనికిరాదని, ఇరవై ఏడో రోజున మళ్ళీ చేయాలని పంతులుగారు నసిగారు. ఇంకో పదహారు రోజులు! నా ప్రాణం ఉసూరుమంది. అత్తగారు నా మాట నమ్మాలో వద్దో తెలియక బిడ్డను గుండెకు అదుముకున్నారు.

"అయినా మచ్చ ఉంది కుడి బుగ్గ మీద కదండీ," అంది నా భార్య.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "అదేనండీ సాక్ష్యం! అద్దంలో కుడి ఎడమవుతుంది. నేరుగా చూసినవాడు కుడి అనేవాడు. నేను ఎడమ అన్నాను!" ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే ఈ పాఠం, సొంత బిడ్డను చూస్తున్న అన్ని రోజుల్లో ఒక్కసారీ గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చి ఉంటే ఆవేళ నా పని అయిపోయేది.

అత్తగారు ఊపిరి పీల్చుకున్నారు. "అయితే నీడే చూశారన్నమాట. పంతులుగారూ, నూనెలోదీ నీడే, అద్దంలోదీ నీడే కదండీ!"

నీడ కాదు, ప్రతిబింబం అనాలి. కాంతి అందని చోట పడేది నీడ. పరీక్ష పేపర్లలో ఆ తప్పును ఎర్ర సిరాతో కొట్టేసి మార్కులు కోస్తుంటాను. ఆవేళ రెండు చేతులూ జోడించి, "నీడేనండీ," అన్నాను.

"దోషం లేదమ్మా. ఎవరన్నా ఆ ఫ్యాను ఆపండి," అన్నారు పంతులుగారు, నవ్వు ఆపుకుంటూ.

ఫ్యాను ఆగాక నూనె నిలకడగా నిలిచింది. అత్తగారు గుడ్డ తీసి, బిడ్డను నా భుజం మీదుగా వంచారు. బీరువా అద్దంలో మా అమ్మాయి మాత్రమే ఉండేది. చాటుగా చూసే నేను అందులో ఉండేవాణ్ణి కాదు. ఈ పళ్ళెంలో నా చెవి పక్కనే దాని మొహం ఉంది. రెండు ముక్కులూ ఒకటే ముక్కు. అది కళ్ళు తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు. కన్నీటి బొట్టు నూనెలో పడి ఇద్దరి మొహాలూ చెదిరిపోయాయి. అవి మళ్ళీ కుదురుకునేదాకా ఆగలేక, పంతులుగారు చెప్పకముందే వెనక్కి తిరిగాను.