గుమ్మం దాటిన నల్లముల్లు

మా ఊళ్లో నల్లముల్లు పువ్వును ఎవరూ ఇంట్లోకి తేరు. తెస్తే ఆ ఇంట్లో ఒకరు పోతారంటారు. అట్రాక్టా గిల్‌హూలీ తెచ్చింది. వారం తిరక్కుండా ఆమె మొగుడు మలకీ పోయాడు. ఇక ఆరేళ్లపాటు ఐర్లండ్‌లోని స్లైగోలో మా మూల జనానికి నోటినిండా అదే మాట. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

రోడ్డు వెడల్పు చేయడానికి ముళ్లపొదల కంచెలన్నీ పీకేస్తుంటే ఆమె అడ్డుపడి తవ్వి తెచ్చుకున్న నల్లముల్లు మోడు అది. మోకాలెత్తు కూడా లేదు. వేళ్ల దగ్గర లేచే పిలకలు లాగేస్తూ, ముల్లు దిగి వేలు చీముపట్టినా వదలకుండా, ఇరవై ఏళ్లు కుండీలో పెంచింది. పూలు రాలాకే కత్తెర పట్టేది. ఒక ఏడాది, పక్కింటివాళ్లం కదా, సాయం చేద్దామని నేను చలికాలం ముందు కొసలు కత్తిరించాను. మరుసటి వసంతంలో ఒక్క పువ్వు లేదు. ముందే కట్టిన మొగ్గలన్నీ ఆ కొసలతోపాటు నేనే కోసేశానట. నెలరోజులు నాతో మాట్లాడలేదు.

ఈ మార్చిలో చర్చి హాల్లో పూల ప్రదర్శన పెట్టారు. ఆమె కుండీ ఎత్తుకుని వచ్చింది. ఆకు లేని నల్లటి కొమ్మల నిండా తెల్లటి పూలు. గుమ్మంలో ఆడపడుచు కన్సెప్టా అడ్డంగా నిలబడింది.

"అది బయటే ఉంచు వదినా. లోపల అమ్మ కూర్చుంది."

"ఉంటే ఏం? చెట్టేమన్నా కరుస్తుందా?"

"మా అన్నని మింగింది చాలదా?"

అట్రాక్టా కుండీ దించలేదు.

"మీ అన్నే తెమ్మన్నాడు. డాక్టర్ అప్పటికే ఇంక వారమే బతుకుతాడన్నాడు. బయట వడగళ్లు. 'పూలు రాలిపోతాయే, లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టు' అన్నాడు. పెట్టాను. మళ్లీ అడిగితే మళ్లీ పెడతాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"అడిగారా ఎవరైనా? అడక్కుండానే తేల్చేశారుగా. తప్పుకో, చేతులు లాగుతున్నాయి."

నేను నేలచూపులు చూశాను. కన్సెప్టా కదల్లేదు. లోపలి నుంచి తొంభై ఒక్కేళ్ల మలకీ తల్లి గొంతు వినిపించింది.

"దారి ఇవ్వవే దానికి. అట్రాక్టా, ఇలా నా ముందు పెట్టమ్మా. నా కొడుకు చివరిదాకా చూసిందేదో నన్నూ చూడనీ."