జిగురు నీళ్ల బాబాయి

మా పక్క క్వార్టర్ బాబాయి పోయాడని అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ కుప్పకూలిపోయాడట. "వస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం కన్నా ముందు నా కళ్లకు కట్టింది నా కాలేజీ రిపోర్టులో ఆయన పేరు లేని పేజీ. ఆయన్ని పొగడటానికి మా కాలనీలో చాలామందే ఉన్నారు. ఆయనకు జరిగిన అన్యాయం చెప్పవలసింది మాత్రం నేనే. చేసింది నేను కాబట్టి.

బచేలీ ఇనుప గని కాలనీలో ఆయన నీళ్ల పంపు ఆపరేటర్. శ్రీకాకుళం వైపు మనిషి. సాహెబులతో హిందీ, కూలీలతో వాళ్ల హల్బీ భాష, మొండికేసిన పంపుతో మాత్రం అచ్చ తెలుగు. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే కుళాయి తిప్పి, ధార ఎలా పడుతుందో చూసేవాడు. స్క్రూడ్రైవర్ మొన పైపుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. గబుక్కున వాల్వు కట్టేస్తే ఊరుకునేవాడు కాదు. "నిదానంగా కట్టవే! పరిగెట్టీ మనిషిని పీక పట్టుకు ఆపితే ఏటవుద్ది?" నోరు మంచిది కాదు. నాకు పెట్రోలియం ఇంజినీరింగ్‌లో సీటొచ్చిన రోజు వీధంతా వినపడేలా, "ఇంకేటి, బచేలీ కుళాయిలన్నీ బాగుపడిపోతాయి" అన్నాడు.

చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం నేనొక లెక్కతో కుస్తీ పడుతున్నాను. చమురు బావిలోకి పంపే ద్రవం సన్నటి గొట్టంలో మైలు లోతుకు దిగుతుంది. దారి పొడవునా గొట్టం గోడల రాపిడి దాని ఒత్తిడిని తినేస్తుంది. ఎంత తింటుందన్నదే నా లెక్క. జిగురు కలిపిన ద్రవం చిక్కన కాబట్టి రాపిడి పెరగాలని నేను లెక్క వేసుకున్నాను. పుస్తకంలోని కొలతలేమో తగ్గుతుందంటున్నాయి. సెలవులకు వచ్చి వరండాలో కాగితాలు చింపుతుంటే, గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటే, అంత కోపం?"

చెప్పాను. పడి పడి నవ్వాడు. కుర్రతనంలో గోదావరి దగ్గర చమురు బావులు తవ్వే రిగ్గుల మీద జిగురు కలిపే తొట్టి దగ్గర పనిచేశాడట. నాకు అప్పటిదాకా తెలియదు. "జిగురు గొట్టంలోకి దిగీసరికి ప్రెషరు గేజీ ముల్లు టక్కున పడిపోయీది. దొరలు సంబరంగా మందు సీసాలు తెరిసీవోరు. నీల్లు ఉత్తినే పోతే గొట్టంలో కలబడిపోతాయే. సుడులు. జిగురు ఆటి కాల్లకి బంధమేస్తాది. కొట్టుకోవడం మానీసి బుద్ధిగా పోతాయి."

మర్నాడు గీదం బజారులో కుల్ఫీ చేసేవాడి దగ్గర గోరుచిక్కుడు జిగురు పొడి పొట్లం కొనుక్కొచ్చాడు. డాబా మీద డ్రమ్ము, దాని నుంచి పెరట్లోకి పొడవాటి సన్న పైపు. మొదట ఉత్త నీళ్లు, తర్వాత చిటికెడు జిగురు కలిపిన నీళ్లు. అదే డ్రమ్ము, అదే పైపు. జిగురు నీళ్లతో బకెట్టు ముందు నిండింది. మూడోసారి నేను అత్యాశకు గుప్పెడు వేశాను. ధార నీరసించింది. "అది పాయసమే! దేనికైనా ఓ మోతాదు ఉంటాది ఇంజినీరమ్మా." ఆ మధ్యాహ్నంతో నా ప్రాజెక్టుకు ప్రాణం వచ్చింది.

కృతజ్ఞతల పేజీలో ఆయన పేరే మొదట రాశాను. మా గైడు సారు పెన్నుతో దాని కింద గీత గీశారు. "పంపు ఆపరేటర్ చెప్పాడని రాస్తే ఎగ్జామినర్ నవ్వుతాడమ్మా." గీత మాత్రమే ఆయనది. చెరిపింది నేను. ఆ తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో, "ఈ ప్రయోగం ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగితే, "ఇంట్లో తోచిందండీ" అన్నాను. ఉద్యోగం వచ్చింది.

రిపోర్టు కాపీ ఒకటి ఆయనకు ఇచ్చాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుని అందుకున్నాడు. "నా పేరెక్కడుందో సూపించు." ఆయనకు ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో గైడు సారు పేరు మీద వేలు పెట్టాను. కాసేపు చూశాడు. "బాగుంది. అచ్చు బాగా పడింది" అన్నాడు. అంతే. ఆ తర్వాత కూడా వచ్చినవాళ్లందరికీ ఆ పుస్తకం తీసి చూపించేవాడట.

పదో రోజు కార్యం అయ్యాక బాబాయి భార్య, పిన్ని దగ్గరకు వెళ్లాను. వంటలకు తెచ్చిన నూనె డబ్బాలో అడుగున మిగిలింది సీసాలోకి వంచుతోంది. పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తల కూడా ఎత్తలేదు.

"ఆయనకి తెలీదనుకున్నావేటి? ముప్పయ్యేల్లు జీతం చీటీ మీద ఇంగ్లీషులోనే గదా పేరొచ్చీది. ఇంకేం సదవలేకపోయినా అదొక్కటీ పోల్చుకునీవోడు. ఆ రోజు ఇంట్లోకొచ్చి, 'అమ్మడు భయపడిపోనాది, పాపం' అన్నాడు."

ఆయన గురించి రాస్తాను పిన్నీ, పత్రికలో వేస్తారు, పూర్తి పేరుతో రాస్తాను అన్నాను.

"ఒద్దు." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "ఉన్నప్పుడు అడిగాడు, ఎయ్యలేదు. ఇప్పుడెవులు సూసుకోడానికే? నీ మనసు తేలికవ్వడానికా? బాబాయని రాసుకో, సాలు."

అందుకే ఇందులోనూ ఆయన పేరు లేదు.

పిన్ని డబ్బా ఇంకాస్త వంచింది. తీగలా సాగుతున్న నూనె సన్నబడి, తెగి, చుక్కలైంది. ఆఖరి చుక్క అంచున లావెక్కుతూ వేలాడింది, పడకుండా. పిన్ని డబ్బా దించలేదు. నేను లేవలేదు. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.